హెరాల్డ్‌కు మెరుపు: చెన్నై తేమలో క్లియర్ కోటు వేసిన నా అనుభవం

మోడల్ కారుకు రంగు వేసేటప్పుడు ఎక్కడైనా తేడా వస్తే ఆ రంగు తీసేసి మళ్లీ వేసుకోవచ్చు. చివరగా మెరుపు కోసం వేసే పారదర్శక పొరకు, అంటే క్లియర్ కోటుకు, ఆ వెసులుబాటు తక్కువ. పుట్టీ పెట్టి, వాటర్ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టి, రంగు వేసి, అక్షరాలు (నీటితో జార్చి అతికించే పలచటి డెకాల్ ముద్రలు) అతికించి, వారాల తరబడి చేసిన పనంతా అప్పటికి దాని కిందికి చేరి ఉంటుంది. అది తెల్లబడినా, కారినా, కింది అక్షరాలను ముడతలు పెట్టినా నష్టం ఆ ఒక్క పొరతో ఆగదు. అందుకే రంగు ఎంపికకన్నా క్లియర్ ఎంపికకు నేను ఎక్కువ సమయం ఇస్తాను. గాలిలో తేమ ఏడాది పొడవునా వదలని ఈ చెన్నైలో, పెరంబూరులోని మా ఇంటి వెనక గదిలో, ఒక చిన్న కారుకు మెరుపు తెచ్చిన వైనం ఇది.

ఆ కారు స్టాండర్డ్ హెరాల్డ్. 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన బండికి రూపం దిద్దినవాడు ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి. 1961 నుంచి దాన్ని మన మద్రాసులోనే స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా తయారుచేసింది. 1968లో నాలుగు తలుపుల మార్క్ 3 వచ్చింది. మా పెదనాన్నగారిది అంతకు ముందరి రెండు తలుపుల బండి. లేత నీలం ఒళ్లు, పక్కల తెల్లటి పట్టీ. నెల్లూరుకూ మద్రాసుకూ మధ్య దాంట్లోనే తిరిగేవారు. ఎయిర్‌ఫిక్స్ వారి 1/32 (అసలు కారులో ముప్పై రెండో వంతు) ట్రయంఫ్ హెరాల్డ్ ప్లాస్టిక్ కిట్ కూడా రెండు తలుపులదే కావడం నాకు కలిసివచ్చింది. పూర్తయితే పొడవు పన్నెండు సెంటీమీటర్లు. రెక్కలతో సహా ముందుకు వంగే బానెట్, వెనక నిలువుగా లేచే తోకలు, వాటి మీదుగా సాగే పదునైన గీత, ఇవే ఆ కారు అందం. క్లియర్ కోటుకు అగ్నిపరీక్ష పెట్టేవి కూడా ఇవే.

ముందు తేల్చుకోవలసింది ఏ సీసా కొనాలన్నది కాదు, ఎంత మెరవాలన్నది. నా దగ్గర ఉన్న ఒక నమూనా ముక్కను, నిలువుటద్దం మెరుపున్న ముక్కను, పెదనాన్నగారికి చూపించాను.

"ఇంత మెరవలేదు నాయనా మా బండి. ఆదివారం ఆదివారం మైనం పెట్టి పాత పంచె గుడ్డతో రుద్దేవాణ్ణి. ఎదురుగా నిలబడితే మనిషి ఆకారం తెలిసేది, ముక్కూ మొహమూ తెలిసేవి కావు" అన్నారు.

ఆయన మాటలో చరిత్ర ఉంది. రంగు వేరుగా, దాని మీద క్లియర్ వేరుగా వేసే పద్ధతి కార్ల ఫ్యాక్టరీలలో విస్తరించింది 1980ల నుంచే. 1960ల కారుకు రంగే పైపొర, దాన్నే పాలిష్ చేసేవారు. మరి హెరాల్డ్ మోడల్‌కు క్లియర్ ఎందుకు? నేను చాలాసేపు ఆలోచించాను. నీలానికీ తెలుపుకూ మధ్య మాస్కింగ్ టేప్ తీసిన చోట సన్నటి గట్టు మిగులుతుంది, దాన్ని మాన్పాలి. అతికించిన అక్షరాల అంచులు కనబడకుండా పోవాలి. పైగా మోడల్ మీద రంగు పొర చాలా పలచన. దాన్నే నేరుగా పాలిష్ చేస్తే అంచుల్లో ప్రైమర్ బయటపడుతుంది. కాబట్టి క్లియర్ తప్పదు. కానీ అది వేసినట్టు తెలియకూడదు.

ఇక్కడ చిన్న లెక్క చెప్పుకోవాలి. అసలు కారు మీద క్లియర్ పొర మందం సుమారు 40 నుంచి 50 మైక్రాన్లు. దాన్ని 32తో భాగిస్తే మోడల్ మీద ఉండవలసింది మైక్రాన్నర. అంత పలచగా కొట్టడం ఎవరివల్లా కాదు. మనం తడి కోట్లు రెండు మూడు వేస్తే 30 మైక్రాన్లు సులువుగా దాటుతుంది. 30ని 32తో గుణించండి: దాదాపు ఒక మిల్లీమీటరు. అంటే అసలు కారు మీద మిల్లీమీటరు మందాన గాజు పోసినట్టు. తలుపుల సందులు పూడుకుపోయి, పదును గీతలు మొద్దుబారి, బండి బొమ్మలా కనిపించేది ఇందుకే. మెరుపు ఎక్కువైందని జనం అనుకుంటారు కానీ, నా దృష్టిలో అక్కడ ఎక్కువైంది మందం. మెరుపును పాలిష్‌తో తెచ్చుకోవచ్చు. పూడిపోయిన సందును ఎవరూ తిరిగి తేలేరు. అందుకే క్లియర్‌కు ముందే తలుపుల సందులను, బూట్ మూత గీతను పీ-కట్టర్‌తో (ప్లాస్టిక్‌లో గీత చెక్కే కొక్కెం కత్తితో) కొంచెం లోతు చేసుకున్నాను.

ఇక సీసాల సంగతి. మన దగ్గర దొరికేవాటిని నాలుగు జాతులుగా చూడవచ్చు. నూనె ఆధారంగా చేసే ఎనామిల్ వార్నిష్ ఒకటి. నున్నగా పరుచుకుంటుంది, కానీ మెల్లగా ఆరుతుంది, కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. తెల్ల పట్టీ ఉన్న కారుకు అది పనికిరాదు. నీటి ఆధారిత అక్రిలిక్ వార్నిష్ రెండోది. వాసన లేదు, కింది అక్షరాలకు ప్రమాదం లేదు, పిల్లలున్న ఇంట్లో నిశ్చింత. అయితే ఆరాక కూడా కొంత సాగుడుగా ఉంటుంది. సానపట్టబోతే నున్నబడకుండా ఉండలు కడుతుంది. విమానాలకు, ట్యాంకులకు అక్షరాల కింద వేయడానికి అది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే వాటి మీద చివరికి మెరుపు లేని మ్యాట్ పొర వస్తుంది. కారుకు మెరుపే ఆఖరి మాట కాబట్టి నాకు సానకు నిలిచే గట్టిపొర కావాలి.

మూడోది జపాన్ కంపెనీ తమియా వారి ఎక్స్-22. పేరుకు అక్రిలిక్, కానీ ఆల్కహాల్ జాతి ద్రావకాలతో పనిచేస్తుంది, లక్కర్ థిన్నర్‌తో కూడా కలుస్తుంది. నాలుగోది అసలైన లక్కర్ క్లియర్: మరో జపాన్ బ్రాండు మిస్టర్ కలర్‌లోని జీఎక్స్100 సూపర్ క్లియర్ 3, తమియా ఎల్‌పీ-9, స్ప్రే డబ్బాలో వచ్చే టీఎస్-13. ఇవి త్వరగా ఆరతాయి, గట్టిపడతాయి, అద్భుతంగా పాలిష్ అవుతాయి. వీటితో చిక్కు ఏమిటంటే థిన్నర్ ఘాటు. కింద ఎనామిల్ రంగు ఉంటే దాన్ని ముడతలు పెట్టేస్తాయి. అక్షరాల పొరను కూడా మెత్తబరుస్తాయి. నా రంగులు మిస్టర్ కలర్ లక్కర్‌లే కాబట్టి రంగు విషయంలో నిశ్చింత. అక్షరాల విషయంలోనే ఆలోచించాలి. స్ప్రే డబ్బాలు ఒత్తిడితో నింపినవి, మండే గుణమున్నవి కావడంతో విమానంలో పంపడానికి ఆంక్షలుంటాయి. అందువల్ల టీఎస్-13 కావలసినప్పుడల్లా చేతికందదు. సీసాలో వచ్చే క్లియర్‌ను ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగు చల్లే పెన్నులాంటి పరికరంతో) కొట్టుకోవడమే నయం అని నాకు అప్పుడే అనిపించింది.

ఐదో జాతి కూడా ఉంది, అసలు కార్లకు వేసే 2కే క్లియర్, అంటే హార్డెనర్ అనే రెండో ద్రవం కలిపి కొట్టేది. దాని గురించి తెలుసుకోవడానికి పుదుపేట వైపు వెళ్లాను. అక్కడ టింకరింగ్, పెయింటింగ్ పని చేసే మేస్త్రి ఒకాయన గూడూరు వైపు మనిషి. నేను తీసుకెళ్లిన బాడీని అరచేతిలో పెట్టుకుని, వెలుతురుకు అడ్డంగా తిప్పి చూశారు.

"2కే క్లియర్ వేయండి సార్. హార్డెనర్ కలిపి కొడితే ఒక్క కోటుకే అద్దం."

"ఇంట్లోనే కొట్టుకుంటాను అన్నా. పిల్లలు తిరిగే ఇల్లు."

"అయితే వద్దు. ఆ హార్డెనర్ ఛాతీకి మంచిది కాదు. కుర్రవాడిగా ఉన్నప్పుడు నోటికి చేతిరుమాలు కట్టుకుని కొట్టేవాణ్ణి. ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలను అలా కొట్టనివ్వను."

ఆయన మాట అక్షరాలా నిజం. ఆ హార్డెనర్‌లో ఐసోసయనేట్లుంటాయి. వాటికి ఒకసారి ఊపిరితిత్తులు స్పందించడం మొదలుపెడితే, ఆ తరువాత కొద్దిగా తగిలినా ఉబ్బసం రావచ్చు. వాసన చూసి ప్రమాదాన్ని పసిగట్టలేం, మామూలు మాస్కు చాలదు, బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ముసుగు కావాలి. ఇంట్లో ఎయిర్‌బ్రష్‌తో 2కే కొట్టే మిత్రులు ఈ సంగతిని తేలిగ్గా తీసుకోవడం చూస్తే నాకు నిజంగా దిగులేస్తుంది. పన్నెండు సెంటీమీటర్ల బొమ్మ కోసం ఊపిరిని పణంగా పెట్టకండి.

మేస్త్రి దగ్గర నేను నేర్చుకున్నది మాత్రం ఏ క్లియర్‌కైనా వర్తిస్తుంది. రంగు చల్లే స్ప్రే గన్ పట్టుకున్నప్పుడు ఆయన రంగును చూడలేదు, బండి రెక్క మీద పడిన ట్యూబ్‌లైట్ ప్రతిబింబాన్ని చూశారు. ఆ గీత చెదిరి ఉంటే పొర ఇంకా పొడి. అంచులు కలిసి నిటారుగా సాగితే తడి సరిపోయింది. అక్కడే చేయి ముందుకు జరగాలి. మరొక్క క్షణం ఆగితే కారుతుంది. రెండో పాఠం: మొదట పొడిగా ఒక కోటు, అది వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు తడి కోటు. అంటుకుంటోందో లేదో బండి మీద కాదు, పక్కనే అతికించిన మాస్కింగ్ టేప్ మీద వేలు పెట్టి చూడాలి. మూడో మాట ఇంకా విలువైనది.

"వానాకాలంలో స్లో థిన్నర్ వాడాలి సార్. త్వరగా ఆరేది వాడితే తెల్లగా పూస్తుంది."

చాలామంది దీనికి తిరగబడి ఆలోచిస్తారు. తేమ ఎక్కువగా ఉంది కాబట్టి త్వరగా ఆరే థిన్నర్ మంచిదనుకుంటారు. జరిగేది వేరు. థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు కింది ఉపరితలం నుంచి వేడిని లాక్కుంటుంది. ఎంత త్వరగా ఆవిరైతే అంత చల్లబడుతుంది. ఆ చల్లదనం మంచుబిందు ఉష్ణోగ్రత (గాలిలోని ఆవిరి నీరుగా మారే స్థాయి) కిందికి దిగిందంటే గాలిలోని తేమ అక్కడే నీరై తడి క్లియర్‌లో చిక్కుకుంటుంది. ఆ పొగమంచు తెలుపు అదే. గదిలో 28 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే మంచుబిందువు సుమారు 24 డిగ్రీలు. అంటే ఉపరితలం నాలుగు డిగ్రీలు చల్లబడితే చాలు, క్లియర్ పూస్తుంది. అదే 28 డిగ్రీల్లో తేమ 50 శాతానికి దిగితే మంచుబిందువు 17 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది, మనకు పదకొండు డిగ్రీల జాగా దొరుకుతుంది. చెన్నైలో మోడల్ కట్టే ప్రతి ఒక్కరూ రెండో ఎయిర్‌బ్రష్‌కన్నా ముందు ఒక చిన్న తేమ మీటరు కొనాలని నేను గట్టిగా చెబుతాను. నా మట్టుకు 60 దాటితే లక్కర్ క్లియర్ ముట్టను.

ఈ మాటలను పరీక్షించడానికి తెల్లటి ప్లాస్టిక్ చెంచాలు తెచ్చాను. అన్నిటికీ కారుకు వేసిన నీలమే సగం, తెలుపే సగం వేసి, ఒక్కో అక్షర ముక్కను అతికించి, పిడి మీద క్లియర్ పేరూ థిన్నర్ పేరూ మార్కర్‌తో రాశాను. చెంచా వంపు కారు రెక్క వంపుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి క్లియర్ ఎక్కడ జారుతుందో, ఎక్కడ ఆగుతుందో బాగా తెలుస్తుంది. ఈశాన్య రుతుపవనాలు పట్టిన అక్టోబరు సాయంత్రం ఒకటి, మీటరు 80 పైన చూపుతున్నప్పుడు, కావాలనే ఎంచుకున్నాను. జీఎక్స్100ను మామూలు మిస్టర్ కలర్ థిన్నర్‌తో కలిపి కొట్టిన చెంచా చూస్తుండగానే తెల్లబడింది. అదే క్లియర్‌ను మిస్టర్ కలర్ లెవలింగ్ థిన్నర్‌తో కొట్టిన చెంచా తేటగా నిలిచింది. లెవలింగ్ థిన్నర్‌లో ఆరడాన్ని నెమ్మదింపజేసే రిటార్డర్ కలిసి ఉంటుంది. చల్లబడటం మెల్లగా సాగుతుంది, పొర సర్దుకోవడానికి సమయం దొరుకుతుంది. తెల్లబడిన చెంచా మీద ఎండగా ఉన్న మరో రోజు ఉత్త లెవలింగ్ థిన్నర్‌నే పలచగా మంచులా చల్లితే పైపొర కరిగి, చిక్కుకున్న తేమ బయటికి పోయి, మళ్లీ తేటపడింది. అంటే ఆ తెలుపు పోగొట్టుకోదగినదే, హడావిడిగా గీకేయకూడదు.

అక్షరాల విషయంలో చెంచాలు ఇంకా ఎక్కువ చెప్పాయి. టీఎస్-13ను తడిగా కొట్టిన చెంచా మీద అక్షరం అంచులు ముడుచుకున్నాయి. మొదట పొడి కోట్లు చల్లి, ఆరనిచ్చి, ఆ తరువాతే తడి కోటు వేసిన చెంచా మీద అక్షరం చెక్కుచెదరలేదు. ఎక్స్-22ను లెవలింగ్ థిన్నర్‌తో కొట్టినది అన్నిటికన్నా సౌమ్యంగా ప్రవర్తించింది, మెరుపూ ముచ్చటగా వచ్చింది; కానీ గోటితో నొక్కితే రోజుల తరువాత కూడా మెత్తదనం తెలిసింది. గట్టిదనంలో జీఎక్స్100ది పైచేయి. దాంతో నా నిర్ణయం కుదిరింది: అక్షరాల కింద ఎక్స్-22 ఒక పలచటి పొర, అక్షరాల మీద జీఎక్స్100.

అక్షరాల కింద పొర అవసరమా అని అడిగేవారుంటారు. నా నీలం మెరుపు తక్కువగా ఆరింది. గరుకు ఉపరితలం మీద అక్షర పొర అతికిస్తే గుంటల్లో గాలి చిక్కుకుని వెండి రంగులో తళతళలాడుతుంది, అక్షరం చుట్టూ ఉన్న పారదర్శక పొర బయటపడిపోతుంది. నున్నటి క్లియర్ మీద నీటితో జారవిడిస్తే గాలికి తావుండదు. బూట్ మీది చిన్న పేరును లేజర్ ప్రింటర్‌తో పారదర్శక డెకాల్ కాగితం మీద ముద్రించాను. ఇంక్‌జెట్‌లో ముద్రిస్తే నీటిలో వేసేముందే దానికో క్లియర్ పొర వేయాలి, లేదంటే సిరా కరిగిపోతుంది. నంబరు పలక మరో కథ. ఆ రోజుల్లో సొంత కార్లకు నల్ల పలక మీద తెల్ల అక్షరాలు. ఇంటి ప్రింటర్ తెలుపు ముద్రించదు. అందుకని తెల్ల డెకాల్ కాగితం తీసుకుని, నలుపు మాత్రమే ముద్రించి, అక్షరాల చోటును ఖాళీగా వదిలాను. కాగితపు తెలుపే అక్షరమైంది. పెదనాన్నగారు నంబరు చెబుతుంటే, నేను రాసుకుంటుంటే, అరవై ఏళ్ల కిందటి అంకెలను ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోకుండా చెప్పారు.

అసలు క్లియర్ కోసం ఫిబ్రవరి వరకు ఆగాను. వానలు వెళ్లి, ఎండలు ముదరని ఆ కొద్ది వారాలు మా ఊరిలో మోడల్ పనికి వరం. రోజులో కూడా వేళ చూసుకోవాలి. తెల్లవారుజామున తేమ గరిష్ఠంగా ఉంటుంది; మధ్యాహ్నం సముద్రపు గాలి మళ్లేలోపు కాస్త తగ్గుతుంది. గంట ముందు ఏసీ వేసి గదిని ఆరబెట్టాను. కొట్టేటప్పుడు ఏసీ ఆపి, ఆవిర్లను బయటికి పంపే ఫ్యాను వేశాను. ఆ ఫ్యాను లోపలి గాలిని బయటికి తోసేకొద్దీ సందుల్లోంచి బయటి తడిగాలి వస్తూనే ఉంటుంది, మీటరు మెల్లగా పైకెక్కుతుంది. అందుకే పని చిన్న చిన్న విడతలుగా సాగాలి. లక్కర్ ఆవిరి మండుతుంది కాబట్టి ఆ సమయంలో వంటింట్లో పొయ్యి, పూజగదిలో దీపం వెలిగించరని ఇంట్లో ముందే మాట్లాడుకున్నాం. కార్బన్ క్యాట్రిడ్జ్‌లున్న మాస్కు పెట్టుకున్నాను. సీలింగ్ ఫ్యాను ఆపి, నేల మీద నీళ్లు చిలకరించి గుడ్డతో ఒత్తాను. దుమ్ము లేవకుండా ఉండటానికి ఇంతకన్నా చవకైన ఉపాయం లేదు.

ఒక పాలు క్లియర్‌కు రెండు పాళ్లు లెవలింగ్ థిన్నర్. సీసా గోడ మీద పలచని మజ్జిగలా జారితే సరిగ్గా కలిసినట్టు. 0.3 మి.మీ. నాజిల్, 15 పీఎస్‌ఐ ఒత్తిడి. కంప్రెసర్‌కు తేమ పట్టే గిన్నె ఉండి తీరాలి. చెన్నైలో ఆ గిన్నెలో నీళ్లు చేరడం కళ్లారా చూస్తాం, అవి ఎయిర్‌బ్రష్‌లోంచి క్లియర్ మీద పడితే చుక్కలు చుక్కలుగా మచ్చలే. హార్డ్‌వేర్ దుకాణంలో దొరికే ఎన్‌సీ థిన్నర్‌ను కలపడానికి వాడను. దాంట్లో ఏ ద్రావకం ఎంత ఉందో డబ్బా డబ్బాకూ మారవచ్చు, ప్లాస్టిక్‌ను కూడా కొరికేస్తుంది. ఎయిర్‌బ్రష్ కడగడానికి మాత్రం అదే మేలు.

మొదటి కోట్లు పొడిగా చల్లాను. అక్షరాలున్న చోట మరీ దూరం నుంచి. అవి ఆరాక, బాడీని కర్రకు బిగించి పట్టుకుని, మేస్త్రి చెప్పినట్టు టేబుల్ లైటు ప్రతిబింబాన్ని వెంటాడుతూ తడి కోటు వేశాను. తోకల అంచులు, బానెట్ గీతలు ముందు పలచగా, ఆ తరువాత విశాలమైన పైకప్పు. ఈ వరుస కావాలనే పెట్టుకున్నాను. పదునైన అంచుల నుంచి తడి పొర తనంతట తానే వెనక్కి జారి పలచబడుతుంది. ఆ అంచులకు ముందుగానే కొంత ఆధారం ఉంటే రుద్దేటప్పుడు రంగు బయటపడదు. పైకప్పు మీద లైటు గీత చెదరకుండా నిలిచిన క్షణంలో నాకు కలిగిన సంతోషం అంతా ఇంతా కాదు. దూరం నుంచి, ఎక్కువ ఒత్తిడితో కొడితే చుక్కలు గాలిలోనే సగం ఆరిపోయి ఆరెంజ్ పీల్, అంటే నారింజ తొక్కలాంటి గరుకు, వస్తుంది. దగ్గరగా, మెల్లగా కొడితే కారుతుంది. ఈ రెండిటి మధ్య దారి చాలా ఇరుకైనది, దాన్ని చెంచాల మీదే వెతుక్కోవాలి.

తరువాత పెద్ద ప్లాస్టిక్ డబ్బా కింద మూసి పెట్టాను, లోపల సిలికా జెల్ పొట్లాలతో. లక్కర్ కాసేపట్లో చేతికి ఆరినట్టే అనిపిస్తుంది, కానీ లోపలి థిన్నర్ బయటికి రావడానికి కనీసం వారం పడుతుంది. నా కొలత ముక్కే: డబ్బా ఎత్తి వాసన చూస్తాను. థిన్నర్ వాసన కొంచెం తగిలినా ఇంకా ఆరలేదు. తొందరపడి పాలిష్ చేస్తే ఆ రోజు బాగానే కనబడుతుంది, లోపలి పొర కుంచించుకున్నాక గీతలన్నీ మళ్లీ తేలుతాయి.

పాలిష్‌కు ముందు పదునైన అంచుల మీద, తోకల మీద సన్నటి మాస్కింగ్ టేప్ అతికించాను. మైక్రోమెష్ అనే అతి సన్నటి సాన గుడ్డలను (అంకె పెరిగేకొద్దీ నున్నన) నీళ్లలో ముంచి, ఒక చుక్క గిన్నెలు తోమే సబ్బు కలిపి, 3600 దగ్గర మొదలుపెట్టి 12000 దాకా వెళ్లాను. చిన్న చదునులో ఒకే దిక్కుకు రుద్ది, తరువాతి గుడ్డకు దిక్కు మార్చితే పాత గీతలు పోయాయో లేదో కంటికి తెలుస్తుంది. తుడిచి, ఆరనిచ్చి, వెలుతురులో వంచి చూసుకుంటూ ఉండాలి. తడిగా ఉన్నప్పుడు ఏ ఉపరితలమైనా అందంగానే ఉంటుంది. ఆ తరువాత తమియా కంపౌండ్లు, అంటే పాలిష్ చేసే ముద్దలు. ముతకది ఎర్ర మూత, నున్నది నీలం మూత, ఆఖరుది తెల్ల మూత. నేను ఎర్రది ముట్టలేదు. నీలం మూత కంపౌండ్‌ను మెత్తటి గుడ్డతో, వేలికొసతో, ఒత్తిడి లేకుండా రుద్దాను. మోటారు పాలిషర్ వేడికి ఇంత పలచటి పొర, దాని కింది ప్లాస్టిక్ రెండూ తట్టుకోలేవు.

తెల్ల మూత దగ్గరే నాకు తటపటాయింపు కలిగింది. దాంతో పూర్తిగా రుద్దితే పైకప్పులో ట్యూబ్‌లైట్ అంచుతో సహా కనబడుతుంది. పోటీల్లో పెట్టే మోడల్‌కు అందరూ కోరుకునేది అదే. కానీ పెదనాన్నగారు చెప్పిన బండి అది కాదు. బానెట్ మీద, పైకప్పు మీద మాత్రం తేలికగా రుద్ది, పక్కలను నీలం మూత దగ్గరే ఆపి, చివరికి మోడళ్ల మైనం పలచగా పట్టించాను. మనిషి ఆకారం తెలియాలి, ముక్కూ మొహమూ తెలియకూడదు. మైనానికి ముందే తలుపుల సందుల్లోకి ముదురు బూడిద రంగు ఎనామిల్ వాష్‌ను (బాగా పలచన చేసిన రంగును) కుంచె కొసతో తాకించాను. నున్నటి క్లియర్ మీద అది సందు వెంబడి తానే పరుగెత్తుతుంది, పక్కకు చిందింది తుడిస్తే పోతుంది. నల్ల రంగు వాడితే లేత నీలం మీద మరీ కొట్టొచ్చినట్టుంటుంది. కిటికీ చట్రాలకు, పట్టీ అంచుకు బేర్ మెటల్ ఫాయిల్ (క్రోమ్‌లా మెరిసే, అతుక్కునే పలచటి లోహపు రేకు) అన్నిటికీ ఆఖరున అతికించాను. ద్రవరూప క్రోమ్ మార్కర్ వాడేవారు గుర్తుంచుకోవాలి: దాని మీద ఏ క్లియర్ పడినా అద్దం మెరుపు చచ్చి బూడిదవుతుంది. క్రోమ్ ఎప్పుడూ క్లియర్ తరువాతే.

పెదనాన్నగారు కారును కళ్లకు దగ్గరగా పెట్టుకుని పక్క నుంచి చూశారు. "పక్కలు సరిగ్గా ఇలాగే ఉండేవి. పైకప్పు ఇంకొంచెం తక్కువ" అన్నారు. ఆయన ముందే మెత్తటి గుడ్డతో తెల్లదానికన్నా కాస్త ముతకైన నీలం మూత కంపౌండ్‌ను, మెరుపు తగ్గేలా, పైకప్పు మీద మరోసారి తిప్పి, ఆయన చాలన్న చోట ఆపాను.

చెంచాలను మాత్రం పడమటి కిటికీ దగ్గర, నేరుగా ఎండ తగిలే చోట ఉంచాను. ఎనామిల్ వార్నిష్ వేసిన చెంచా తెల్ల సగం ఇప్పటికే పసుపు తిరిగింది. జీఎక్స్100, ఎక్స్-22 చెంచాల్లో నాకు తేడా కనబడటం లేదు. మిస్టర్ కలర్‌లోనే యూవీ కిరణాలను అడ్డుకునే జీఎక్స్112 అనే క్లియర్ ఉంది. దాన్ని కూడా ఒక చెంచాకు వేసి ఆ వరుసలోనే పెట్టాను. వచ్చే కత్తెర ఎండలు దాటాక ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసి, తరువాతి కారుకు ఏది వాడాలో తేల్చుకుంటాను.